కచేరీ తెలుగు నేర్చిన దొర
(చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవిత విశేషాలు)

బ్రౌణ్య నిఘంటువు పేరు వినని తెలుగువారు అరుదు. వేమన పద్యాలను వెలుగులోకి తెచ్చిన మహనీయుడుగా, తాటాకు గ్రంథాలను చెదల నోట పడకుండా కాపాడిన దొరగా బ్రౌనుకు మనం సభలు జరుపుతాము, పటానికి దండ వేస్తాము. ఆ సేవ గొప్పది, సందేహం లేదు. కాని ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితంలోని మరొక భాగాన్ని గూర్చి ముచ్చటించాలని నా కోరిక. బ్రౌను కవి కాడు. పండిత వంశంలో పుట్టినవాడూ కాడు. నెల జీతం పుచ్చుకొని పనిచేసిన ఉద్యోగి. తెలుగు ఆయనకు మొదట కావలసి వచ్చింది కావ్యాలు చదవడానికి కాదు, కచేరీ పనికి. అర్జీ చదవాలి, సాక్షి చెప్పింది వ్రాసుకోవాలి, హుకుం వ్రాయించాలి. తాను నేర్చిన ఆ పనివాటు తెలుగును తరువాతివారికి నేర్పడానికి ఆయన పడిన శ్రమను మనం అంతగా తలచుకోము.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, అనేక భాషలు తెలిసినవాడు. కొడుక్కు పసితనంలోనే హీబ్రూ, గ్రీకు, లాటిన్, పారసీ, హిందుస్తానీ వంటి భాషలు పట్టుబడ్డాయి. 1812లో తండ్రి గతించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. హేలీబరీ కళాశాలలో కుంపణీ ఉద్యోగానికి చదువు పూర్తిచేసి, 1817 ఆగస్టులో బ్రౌను మద్రాసు రేవులో ఓడ దిగారు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. ఇన్ని భాషలు వచ్చిన కుర్రవానికి తెలుగు మాత్రం ఒక్క అక్షరం రాదు.

మద్రాసులో 1812లో ఏర్పడిన సెంట్ జార్జి కోట కళాశాలలో కొత్త దొరలు దేశభాషలు నేర్చి పరీక్ష ఇవ్వవలసి వుండేది. బ్రౌనుకు తెలుగు చెప్పిన గురువు వెలగపూడి కోదండరామ పంతులుగారు. చేతికి అందే సాధనాలు బహు స్వల్పం. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణం 1816లో వచ్చింది, ఆయన నిఘంటువు వచ్చింది 1821లో. 1820లో సర్ టామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చారు. ప్రజల మాట తెలియని అధికారి వల్ల ప్రజలకు మేలు జరగదని గట్టిగా నమ్మిన మనిషి ఆయన. ఆ సంవత్సరమే పరీక్ష నెగ్గిన బ్రౌనును ఆగస్టు నెలలో కడపకు, హాన్‌బరీ కలెక్టరు వద్ద సహాయకుడుగా పంపించారు.

అసలు చదువు కడపలో మొదలైంది. పంతుళ్ళ వద్ద నేర్చిన తెలుగు ఒకటి, కచేరీ వసారాలో వినబడే తెలుగు మరొకటి. ఆనాటి పండితుల బోధన పద్యంతో ప్రారంభం. ముందు కంఠస్థం, అర్థం తరువాత సంగతి. వాడుక మాట పుస్తకంలోకి రాతగదని వారి నమ్మకం. కాని మాగాణి నీటి తగాదా మీద వచ్చిన రైతు పద్యంలో మాట్లాడడు గదా!

ఆనాడు ఒక అర్జీ అధికారి చెవిని పడేదాకా ఎన్ని చేతులు మారేదో తలచుకుంటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. అర్జీదారుకు వ్రాత రాదు. ఊరి కరణమో, కచేరీ గుమ్మం వద్ద కూర్చున్న వ్రాతగాడో డబ్బు పుచ్చుకొని వ్రాసిపెట్టాలి. ఆ వ్రాత గొలుసుకట్టు వ్రాత, కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ ఎడం లేకుండా సాగిపోతుంది. మహారాజరాజశ్రీ అని మొదలుపెట్టి బిరుదులూ విన్నపాలూ నాలుగు వరుసలు నడిచిన తరువాత గాని అసలు సంగతి కనబడదు. దానిని మునిషీ పైకి చదువుతాడు. దుబాసీ ఇంగ్లీషులోకి మార్చి చెబుతాడు. దొర తల ఆడిస్తాడు. ఇన్ని నోళ్ళలో ఏ ఒక్కటి వంకర తిరిగినా రైతు పొలం పోయినట్లే. అది ఎలా పోయిందో అతనికి తెలియను కూడా తెలియదు. తెలుగు చదవలేని అధికారి ఎంత మంచివాడైనా, దుబాసీ చెప్పినంత మంచి మాత్రమే చేయగలడు. బ్రౌను ఆ దుబాసీ అవసరం లేకుండా చేసుకొన్నారు.

1822లో మచిలీపట్నం, 1825లో రాజమహేంద్రవరం, మళ్ళీ కడప. కోర్టులో కూర్చున్నా కచేరీలో కూర్చున్నా చెవులు రెండూ తెలుగు మీదనే. అబ్బే దుబోయి అనే ఫ్రెంచి పాదరీ పుస్తకంలో వేమన పేరు చూచి, ఆ పద్యాల ప్రతులను వెదికించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. కడపలో తోటతో కూడిన బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టి, కావ్యాలను సరిచూపించారు. పేద పిల్లలకు బడులు పెట్టారు. ఈ ఖర్చంతా సొంతం, చాలనిచోట అప్పు. ఈ కథ మీ అందరికీ తెలిసిందే కనుక విస్తరించను.

నా దృష్టిలో ఆయన ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగిన ఘట్టం ఒక్క మాటకు సంబంధించినది. నందన నామ సంవత్సరం, అంటే 1832-33. గుంటూరు సీమలో వచ్చిన ఆ ఘోరాన్ని నందన కరువనీ, డొక్కల కరువనీ పెద్దలు చెప్పుకొనేవారు. జిల్లాలో ఐదు లక్షల జనం వుంటే అందులో సుమారు రెండు లక్షలమంది పోయారని లెక్క చెబుతారు. ఆ రోజుల్లో అక్కడి పనిలో వున్న బ్రౌను తన ఉద్యోగపు లేఖల్లో దానిని కరువు అనే అర్థం వచ్చే ఫేమిన్ అనే మాటతోనే పేర్కొన్నారు. పై అధికారులకు అది రుచించలేదు. కొరత అనే అర్థం వచ్చే స్కేర్సిటీ వారికి సమ్మతం. కొరత అంటే ధాన్యం కొంచెం తక్కువైంది, సర్దుకుపోవచ్చును. కరువు అంటే సర్కారు కదలాలి, ఖజానా తలుపు తెరవాలి. కాగితం మీద ఒక్క మాట తేడాయే, కాని దాని వెనుక ఎన్ని గంజి కుండలు వున్నాయో చూడండి! ఆఫీసులో వ్రాసే అలవాటున్న వారికి ఈ చిక్కు కొత్తది కాదు. పైవాడు వినదలచిన మెత్తని మాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది. బ్రౌను మెత్తని మాట వ్రాయలేదు.

1834లో ఆయన పదవి కోల్పోయి ఇంగ్లండు వెళ్ళారు. అక్కడా ఊరుకోలేదు. లండనులో కుంపణీవారి గ్రంథాలయంలో మూలుగుతున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను పరిశీలించి పట్టీలు తయారుచేశారు. తిరిగి మద్రాసు వచ్చి 1838లో పారసీ భాషకు సర్కారు అనువాదకుడయ్యారు. 1840లో తెలుగు వ్యాకరణం ప్రకటించారు. 1846లో పోస్టుమాస్టరు జనరలూ, తెలుగు అనువాదకుడూ అయ్యారు. చూశారా, ఉత్తరాల శాఖ అంతా ఉత్తరాలను ప్రేమించే మనిషి చేతికి వచ్చింది!

ఇక నేను చెప్పదలచిన పుస్తకానికి వస్తాను. 1850ల తొలి ఏళ్ళలో మద్రాసులో అచ్చయిన ఈ గ్రంథం పేరు తెలుగు రీడర్. నిఘంటువు పక్కన నిలబడి పేరు పోగొట్టుకొన్న పుస్తకం ఇది. ఇందులో వున్నవి కథలు కావు, పద్యాలు కావు. ఉత్తరాలు! ఇంటి జాబులు, వ్యాపారపు జాబులు, పోలీసు కాగితాలు, రెవెన్యూ కాగితాలు. వాటికి ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణం విప్పిచెప్పే వివరణలు, చిన్న పదకోశం. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చే కుర్ర దొర రేపు తన బల్లమీద పడబోయే కాగితాన్ని ఈనాడే చదివి సిద్ధం కావాలన్నది ఇందులోని ఉద్దేశ్యం.

ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చును. ఉపాధ్యాయ వృత్తిలో తల పండినదానిగా నాకు అలా తోచదు. పాఠ్యపుస్తకం కూర్చేవాడు సాధారణంగా మంచి భాష అంటే ఏమిటో ముందుగా తన మనసులో నిర్ణయించుకొని, దానికి తగిన పాఠాలు వ్రాస్తాడు. బ్రౌను తలక్రిందులుగా చేశారు. జనం తమ అవసరానికి ఏమి వ్రాస్తున్నారో దానినే పాఠంగా పెట్టారు. కాగితం ఎంత గజిబిజిగా వున్నా సరే, పని జరగవలసింది దానితోనే గనుక.

తెలుగు ఉత్తరానికి ఒక మర్యాద వుంది, దానిని నేర్వనివాడు ఎన్ని మాటలు నేర్చినా ఉత్తరం వ్రాయలేడు. పెద్దవారికి మహారాజరాజశ్రీ, దానినే పొట్టిచేసి మ.రా.రా.శ్రీ. చిన్నవారికి చిరంజీవి. పెండ్లియైన కూతురుకు చి.ల.సౌ. ఉభయకుశలోపరి అన్న ఒక్క మాటతో ఇక్కడి క్షేమం, అక్కడి క్షేమం అన్నీ ముగిసి, సంగతి మొదలైనట్లు గుర్తు. అర్జీలో విన్నవించుకొంటారు, జాబులో తెలియజేస్తారు, హుకుంలో ఆజ్ఞాపిస్తారు. పై నుంచి క్రిందికి పోయే కాగితంలో వాడే క్రియ క్రింది నుంచి పైకి పోయే కాగితంలో పనికిరాదు. ఇవి ఏ వ్యాకరణ సూత్రంలోనూ దొరకవు. వంద కాగితాలు చదివితేనే చేతికి వస్తాయి. బ్రౌను కాగితాలనే ఎదుట పెట్టడంలో వివేకం ఇదే.

ఉత్తరాలతో సరిపెట్టలేదు. 1852లో వాక్యావళి అనే పుస్తకంలో తెలుగు, ఇంగ్లీషు నుడికారాలకు అభ్యాసాలు కూర్చారు. 1853లో అనంతపురపు రాజుల చరిత్రను ఇంగ్లీషు చేసి అచ్చు వేయించారు. 1855లో వెలువడిన తాతాచార్యుల కథలు కూడా మాట్లాడే తెలుగు వచనానికి మచ్చుగా ఎన్నుకొన్నవే. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో బయటకు వచ్చింది. అందులో కావ్యపు మాట పక్కనే సంతలోని మాట కూర్చొని వుంటుంది. చ, జ అక్షరాలకు రెండేసి పలుకులున్నవని గుర్తులు పెట్టి చూపడం కూడా చెవితో భాష నేర్చినవాని జాగ్రత్తే.

అదే 1852లో ఆయన జిల్లా నిఘంటువు అని ఒకటి ప్రకటించారు. ఉద్యోగ వ్యవహారాల్లో రోజూ దొర్లే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం. 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు వేరొక నిఘంటువు. ఖతరులో కాపురముంటున్న మన కుటుంబాలవారు ఈ రెండింటి సంగతి తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే మన కచేరీ మాటల్లో సగం మీరు దోహా వీధుల్లో రోజూ చదువుతున్న మాటలే! పారసీ, హిందుస్తానీల మీదుగా మనకు వచ్చినవి గాని, పుట్టిల్లు అరబ్బీ. హక్కు అరబ్బీ. వకీలు అరబ్బీ, తన తరఫున నిలిచే మనిషి అని అర్థం. తారీఖు, హాజరు, దాఖలు, ఇనాము, కిస్తు అన్నీ ఆ ఇంటి పిల్లలే. జిల్లా అన్న మాటకు మూలమైన అరబ్బీ పదానికి ప్రక్క అని, ప్రక్కటెముక అని అర్థం. విమానాశ్రయంలో వచ్చేవారి ద్వారం మీద అల్ వుసూల్ అని వ్రాసి వుంటుంది, వచ్చి చేరడం అన్నమాట. మన శిస్తు వసూలు అదే. డబ్బు వచ్చి చేరితే వసూలు. బయటకు దారి చూపే ఖురూజ్ అన్న పలక చూడండి, మన ఖర్చు దాని దాయాదే. బజారులో చిల్లర తిరిగి యిచ్చేటప్పుడు బాకీ అంటారు, మిగిలినది అని. దుకాణాల్లో తగ్గింపు ధరల బోర్డు మీది ఉరూద్ అన్న మాటా, మన అర్జీ అన్న మాటా ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఎదుట పెట్టి చూపడం అని దాని భావం. బడిలో అరబ్బీ చదువుతున్న మన పిల్లలకు ఇది చెబితే కళ్ళు పెద్దవి చేసి వింటారు. తెలుగు అర్జీ అప్పుడు వారికి పరాయి కాగితంగా కనిపించదు.

ఆనాటి పండితులకు ఈ మాటలంటే చీదర. గ్రంథంలో వీటికి చోటు లేదన్నారు. 1853లో పరవస్తు చిన్నయ సూరిగారి నీతిచంద్రిక వచ్చింది. ఎంతో అందమైన వచనం, నాకూ ఇష్టమే. కాని బడులన్నీ ఆ దారినే పట్టి, విద్యార్థి నిత్యవ్యవహారానికి వ్రాసుకొనే తెలుగు ఒకటి వేరే వున్నదన్న సంగతి మరచిపోయాయి. ఫలితం ఏమంటే, సూత్రాలు వల్లించగల విద్యార్థి నలుగురికీ అర్థమయ్యే జాబు వ్రాయబోతే తడబడేవాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ అన్యాయం మీద జీవితమంతా పోరాడి, పూర్వులు వచనంలో నిజంగా ఎలా వ్రాశారో చూపడానికి 1933లో గద్యచింతామణి కూర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం 1966లో గాని రాలేదు. అధికార భాషా సంఘం 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా ఏర్పడింది. కచేరీలో తెలుగు వ్రాయడం ఎలాగన్న ప్రశ్న అప్పుడు కొత్తగా పుట్టినట్లు జనం మాట్లాడుకొన్నారు. జవాబు నూట ఇరవై ఏళ్ళ క్రితమే అచ్చయి, బీరువాలో వుంది.

ఎదురు దారిలో నడిచిన మనవారొకరిని కూడా ఇక్కడ స్మరించాలి. ఒంగోలు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784లో పుట్టి, ఇంగ్లీషు నేర్చి, 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకులుగా పనిచేశారు. తన జీవిత చరిత్రను తానే ఇంగ్లీషులో వ్రాసుకొన్నారు. అది ఆయన మరణానంతరం 1873లో కుమారుని ద్వారా అచ్చయింది. దొర తెలుగు నేర్చాడు, తెలుగాయన ఇంగ్లీషు నేర్చారు, ఇద్దరినీ కదిలించింది కచేరీ కాగితమే. మన ఇళ్ళలో నేడు సుబ్బారావుగారి దారి మాత్రమే మిగిలింది.

తాతల నాడే దేశం విడిచిన కుటుంబాలలో పుట్టి, సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొన్న మా బోటివారికి మొట్టమొదట శతక పద్యం నేర్పుతారు, ఆ తరువాత పండుగ పాట. వేదిక మీద పిల్లలు పాడితే మన కళ్ళు చెమరుస్తాయి. కాని అదే పిల్లవానిని తాతగారి పొలం కాగితం చదవమనండి, పంచాయతీ ఆఫీసుకు నాలుగు వరుసల దరఖాస్తు వ్రాయమనండి, లేదా ఊళ్ళోని పెదనాన్నగారికి ఇంటి వాటా సంగతి నొప్పించకుండా జాబు వ్రాయమనండి. కలం ఆగిపోతుంది. పండుగకు మాత్రమే తీసే పట్టుబట్ట లాగ భాషను మడతపెట్టి పెట్టెలో పెట్టాము.

మరొక సంగతి వుంది. గల్ఫు దేశాలకు కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఉత్తర తెలంగాణ నుంచి ఎందరో చేతిపనివారు వచ్చారు. వారికి కష్టం వచ్చినప్పుడు తమ మాట కాగితం మీదికి ఎక్కేది వేరొకరి చేతి మీదుగానే. తెలుగులో చెప్పుకొన్నది ఇంగ్లీషుగానో అరబ్బీగానో మారుతుంది. జీతం రాలేదు అన్నదీ, జీతం ఆలస్యమైంది అన్నదీ ఒకటి కాదు. కరువుకూ కొరతకూ వున్నంత దూరం వీటి మధ్య వుంది. రెండు భాషలూ పని మాటలతో సహా వచ్చిన మన పిల్లవాడు ఆ పక్కన కూర్చొంటే ఆ కాగితం సరిగా తయారవుతుంది. అందుకే మన తరగతుల్లో పద్యంతో పాటు వారానికి ఒక నిజమైన ఉత్తరం పెట్టాలని నా అభిప్రాయం. పాత ఇంటి జాబులు, బ్యాంకు నోటీసులు, భూమి దస్తావేజుల నకళ్ళు మీ ఇళ్ళలో వుంటే పేర్లు కొట్టివేసి ఇవ్వండి. వాటికన్న మంచి పాఠం నేను వ్రాయలేను.

బ్రౌను 1855లో ఆరోగ్యం చెడి, ముప్పై ఎనిమిదేళ్ళ కొలువు ముగించి లండను వెళ్ళారు. అక్కడ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులుగా వుండి, ముసలితనంలో కూడా తన పుస్తకాలను దిద్దుకొంటూనే గడిపారు. పెండ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనభై ఆరేళ్ళు నిండిన తరువాత కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా వుండిన స్థలంలో, ఎర్రముక్కపల్లె వద్ద, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు 1980లలో పట్టుబట్టి మొదలుపెట్టిన కృషి వలన ఆయన పేర గ్రంథాలయం వెలసింది. సెలవులకు ఆ వైపు వెళ్ళే కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకొని ఒక పూట అక్కడ గడపవచ్చును.